ఎడమ అంచు

చిన్నోడికి,

అక్క దీవెనలు. ఇక్కడ అందరం కులాసా, అక్కడ నువ్వూ మరదలూ కూడా అలాగే ఉన్నారని తలుస్తాను. ఈ ఒక్క వాక్యం రాయడానికే ఇవాళ చాలాసేపు పట్టింది. అక్క ఉత్తరం పోస్టులో వేయకుండా బావ చేతికిచ్చి పంపిందేమిటి, బావేమో కాఫీ కూడా ముట్టకుండా నా మొహమే చూస్తున్నాడేమిటి అని నీకు ఈపాటికి అనుమానం వచ్చే ఉంటుంది. నువ్వు చివరిదాకా చదివేవరకూ కుర్చీలోంచి లేవొద్దని నేనే చెప్పి పంపాను. కంగారు పడకు. నేను పడుతున్న కంగారు మనిద్దరికీ సరిపోతుంది.

ముందు నువ్వు ఉత్తరంలో అడిగినవాటికి జవాబు చెప్తాను. నేరుగా విషయంలోకి దిగుదామంటే చెయ్యి సాగడం లేదు.

"అందరిలా తయారుగా ఉన్న కంప్యూటర్ కొనుక్కోక, ఒక్కో ముక్కా ఏరుకోవడం ఏంటక్కా?" అన్నావు. తయారుగా ఉన్నవాటికి సోకు ఎక్కువరా. అద్దం తలుపు, రంగురంగుల లైట్లు పెడతారు, లోపల పవర్ సప్లై మాత్రం చేతికందింది తోసేస్తారు. నా పని అక్షరాలకూ బొమ్మలకూ కదలిక ఇవ్వడం. ఒక టైటిల్ ఎగురుకుంటూ వచ్చి తెర మీద కూర్చోవాలంటే దాని వెనక పొర మీద పొర, నీడ, పొగ, మెరుపు ఎన్నో ఉంటాయి. వాటిని ఆగకుండా ఆడించి చూసుకోవాలంటే ర్యామ్ దండిగా ఉండాలి. ప్రాసెసర్‌లో కోర్ల సంఖ్య చూసి మురిసిపోతే లాభం లేదు, ఒక్కో కోర్ చురుగ్గా ఉండాలి. తాత్కాలికంగా దాచుకునే ఫైళ్ళకు ఒక ఎస్‌ఎస్‌డి విడిగా పెట్టాలి, లేకపోతే అసలు వీడియోను చదివే దారికే ఇవి అడ్డం పడతాయి. ఇక ఫ్యాన్లు చప్పుడు చెయ్యకూడదు, ఎందుకంటే నేను మాటలు కూడా వింటూ వీడియోకి కోత పెట్టాలి.

"ఇన్నాళ్ళు ఏం చూస్తున్నావు?" అన్నావు. నన్ను ఆపింది గ్రాఫిక్స్ కార్డ్. అన్నీ కుదిరాయి, అదొక్కటే తెగలేదు. ఒకటి చూస్తే క్యాబినెట్‌లో పట్టదు, ఇంకోటి చూస్తే పవర్ సప్లై చాలదు. "సంబంధాలు చూస్తున్నావా, కార్డులు చూస్తున్నావా?" అని మీ బావ ఏడిపించాడు. అప్పటికి నేను కూడా నవ్వాను.

"పాతది ఏం పాపం చేసింది?" అన్నది నీ మూడో ప్రశ్న. అక్కడికే వస్తున్నాను.

పాతది నన్ను మోసం చేస్తోందని అనుకున్నాను. ఎడమవైపు నుంచి జారుతూ రావలసిన అక్షరాలు అంచు నుంచి రావడం మానేసి, ఉన్నట్టుండి దారి మధ్యలో ఊడిపడుతున్నాయి. మా పనిలో ఒక అలవాటుంది. కదలిక బాగుందో లేదో తేల్చాలంటే చూపు తెర మధ్యలో నిలిపి, కళ్ళు కదపకుండా చూడాలి. చూసేవాళ్ళు అలాగే చూస్తారు గనక. అలా చూసినప్పుడల్లా మొదటి కొన్ని ఫ్రేములు మాయం. కార్డు పాతబడి ఫ్రేములు మింగేస్తోందని ఖాయం చేసుకున్నాను. ఈలోగా ఒక స్కూలు వార్షికోత్సవం వీడియో పంపించాను. వాళ్ళ హెడ్‌మాస్టర్ ఫోన్ చేశాడు. "అమ్మా, ఎడమ మూల 'ఇక్కడ పేరు రావాలి' అని ఉంది. మా చైర్మన్‌గారు దాని పక్కనే నిలబడి ప్రసంగం మొత్తం చేశారు. నేనేం చెప్పుకోను?" నేను మార్చడానికి గుర్తుగా పెట్టుకున్న అక్షరాలవి. పంపేముందు పూర్తిగా చూశాను కూడా. ఆ తప్పును కూడా కార్డు ఖాతాలోనే వేశాను. మా పనిలో ఉన్నవాళ్ళకి ఇదొక జబ్బు, ఏం జరిగినా మిషన్‌ను తిడతాం.

పోయిన వారం ఆ జారే అక్షరాల ఫైలు పట్టుకుని విడిభాగాల షాపుకి వెళ్ళాను, బావ కూడా వచ్చాడు. షాపాయన తన దగ్గరున్న అన్నిటికన్నా పెద్ద కార్డు తగిలించి ఆడించాడు. నేను తెర మధ్యలో చూస్తూ నిలబడ్డాను. మళ్ళీ అదే! అక్షరాలు సగం దారిలో ఊడిపడ్డాయి.

"చూశారా, మీ కార్డూ మింగేస్తోంది!" అన్నాను, ఏదో గెలిచినదానిలా.

షాపాయన మళ్ళీ ఆడించాడు. "ఎక్కడమ్మా? అంచు నుంచే వస్తున్నాయి కదా."

బావ వైపు చూశాను. బావ నన్ను చూడలేదు. "అంచు నుంచే వస్తున్నాయే," అన్నాడు మెల్లగా.

ఈసారి తల ఎడమకి తిప్పి చూశాను చిన్నోడా, అవి అంచు నుంచే వస్తున్నాయి.  అప్పటికే కొన్న విడిభాగాల పెట్టెలు అక్కడే వదిలేసి కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళాం.

ఇప్పుడు చెప్తున్నాను, నెమ్మదిగా చదువు. నా రెండు కళ్ళలోనూ ఒత్తిడి పెరిగి లోపలి నరం దెబ్బతింది. ఎడమవైపు పక్కచూపు చాలావరకు పోయింది. నొప్పి లేదు, ఎరుపు లేదు, మసక లేదు. పోయినచోట నల్లగా కూడా ఉండదట, మనసే అక్కడ ఏదో ఒకటి నింపేసుకుంటుందట. పోయింది తిరిగి రాదు. చుక్కల మందు మానకుండా వేసుకుంటే మిగిలింది నిలుస్తుందని ధైర్యం చెప్పారు. నాకు మాత్రం ధైర్యం రాలేదు. ఇంట్లో గుమ్మం దాటాలన్నా అటువైపు ఏముందో అని తల తిప్పి మరీ చూస్తున్నాను. చూపుతో బతికేదాన్ని, నాకెంత భయంగా ఉందో నీకు చెప్పకపోతే ఎవరికి చెప్పను?

కానీ బావని పంపింది నా గురించి చెప్పడానికి కాదు.

డాక్టర్ మందు రాస్తూ, "ఇది తోబుట్టువులకి కూడా వస్తుంటుంది. మీకెవరైనా ఉన్నారా?" అని అడిగారు.

"తమ్ముడొక్కడే."

"ఏం చేస్తాడు?"

"స్కూలు బస్సు నడుపుతాడు."

ఆయన రాయడం ఆపేశారు.

ఇంటికొచ్చి నీ ఉత్తరం మళ్ళీ తీశాను. స్కూలు గేటుకి బస్సు అద్దం రెండుసార్లు గీసుకుందని, గేటే జరిగి ఉంటుందని జోకు రాశావు. మొదటిసారి చదివి పగలబడి నవ్వాను. అది ఏ వైపు అద్దమో నువ్వు రాయలేదు. అడగడానికి నీకు ఫోన్ చేశాను కూడా. నీ గొంతు వినగానే ఎండల గురించి మాట్లాడి పెట్టేశాను. ఫోనులో అంటే నువ్వు నవ్వి దాటేస్తావు కూడా.

నీకేమీ ఉండకపోవచ్చు. ఉండకూడదని మొక్కని క్షణం లేదు. ఏమీ లేదని తేలితే నన్ను జీవితాంతం ఆటపట్టించు, నోరెత్తి ఒక్కమాటంటే ఒట్టు. మరదలికి కూడా ఇది చదివి వినిపించు. జ్వరమని చెప్పు, అక్కకి బాలేదని చెప్పు, ఏమైనా చెప్పు, బస్సు తాళాలు మాత్రం ఇవాళే స్కూలువాళ్ళకి ఇచ్చేసి బావ వెంట కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళు. బావ నిన్ను తీసుకెళ్ళకుండా ఇంటికి రాడు.

నీ బస్సు తలుపు ఎడమవైపే కదరా. పిల్లలు దిగేది అటే.

ఇట్లు,
నీ కోసం గుండె చేత్తో పట్టుకుని కూర్చున్న
అక్క