రెండో చెంచా

ఉత్తర యార్డు, స్పేర్‌పార్టుల స్టోరు
జనవరి 14

వలస ఉద్యోగుల ఆసరా విభాగం అధికారి శ్రీ క్వాబెనా అసియెడు గారికి,

నమస్కారాలు. మీరు పంపిన ఫారం అందింది. యార్డులో నాకు కంప్యూటరు లేదు, అందుకని చేత్తో రాసి ఆఫీసు టపా సంచీలో వేస్తున్నాను. దస్తూరి గురించి మీకు భయమక్కర్లేదు, మా ఊరు బటాక్‌లో పదహారేళ్ళు లెక్కల టీచరుగా చేశాను. కెనడా వచ్చి పధ్నాలుగు నెలలయింది. ఇక్కడ నగరపాలక సంస్థ వారి మంచు తోసే బండ్లకి బోల్టులు, బెల్టులు అందిస్తుంటాను. మా ఆయనా, పిల్లా ఇంకా ఫిలిప్పీన్స్‌లోనే కాగితాల కోసం ఎదురుచూస్తున్నారు.

మీ ఫారంలో ఐదో గడి "పనిచోట మీకు ఎదురైన కష్టం". దాని కింద చిన్న అక్షరాలతో "ఖాళీగా వదలరాదు" అని ఉంది. రెండు రోజులు ఆలోచించాను. వదిలేస్తే మీరు నొచ్చుకుంటారేమోనని ఒకటి వెతికి రాస్తున్నాను.

మా వైపు అన్నం గిన్నె తెరిచినప్పుడు ఎదురుగా ఎవరు కనిపించినా "మంగన్ తయోన్" అంటాం. రండి, తిందాం అని. అవతలివాళ్ళు "ఇప్పుడే అయింది, మీరు కానివ్వండి" అనాలి. అదీ మర్యాద. నేను చేరిన రోజు మధ్యాహ్నం స్టోరు ముందు నుంచి పదమూడు మంది వెళ్ళారు. అందరినీ పిలిచాను. పన్నెండుమంది నేనేదో అప్పు అడిగినట్టు మొహం పెట్టి జారుకున్నారు. పదమూడో మనిషి ఒరెస్ట్ మెల్నిక్. మంచుబండి డ్రైవరు, ఉక్రెయిన్ వాళ్ళ సంతతి, అరవై నాలుగేళ్ళవాడు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడండీ! కాకరకాయ కూర సగం ఖాళీ చేశాడు. మర్నాడూ వచ్చాడు. పదకొండు నెలలుగా వస్తూనే ఉన్నాడు. కాబట్టి ఐదో గడిలో రాసుకోండి: నా అన్నం సగం ఒరెస్ట్ తినేస్తున్నాడు.

విధేయురాలు,
మారివిక్ అగ్బయానీ

తా.క. ఇప్పుడు రెండింతలు వండుతున్నాను, రెండో చెంచా కూడా తెస్తున్నాను. కాకరకాయంటే ప్రాణం అన్నాడని వారానికి మూడుసార్లు అదే కూర. నిజం చెప్పొద్దూ, నాకు కాకరకాయ పడదు.

●

కేంద్ర కార్యాలయం
జనవరి 21

శ్రీమతి అగ్బయానీ గారికి,

విషయం: ఆహార అపహరణ, పదకొండు నెలలుగా.

తమ ఫిర్యాదు అందినది. మా కమిటీ దానిని చదివి మిక్కిలి చలించినది. కొత్తగా వచ్చిన ఉద్యోగిని భోజనాన్ని ఒక సీనియరు ఉద్యోగి ప్రతిదినం భుజించుట, ఆపై ఆమెకే పడని కూరను ఆమె చేతనే వారానికి మూడుసార్లు వండించుట మా విభాగం ఎన్నడూ విని ఎరుగదు. తమరు ఒంటరి కారు. మేమున్నాం. విచారణ మొదలుపెట్టాం.

ఇట్లు,
క్వాబెనా అసియెడు
(కమిటీ తరఫున)

తా.క. వ్యక్తిగతంగా నేను చేదు నోట పెట్టలేను. కాఫీలో నాలుగు చెంచాల చక్కెర వేసుకునే మనిషిని. తమ సహనం తలచుకుంటే ఒళ్ళు జలదరించినది.

●

ఉత్తర యార్డు
జనవరి 24

అసియెడు గారికి,

నమస్కారాలు. మీరు రాసినది అక్షరాలా నిజం. మీవంటి పెద్దలు నావంటిదాని గురించి ఇంత శ్రద్ధ తీసుకోవడం నా అదృష్టం. కమిటీ వారందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పండి.

అయితే ఒక్క చిన్న మాట. పిలిచింది నేనే కదా, తప్పేదైనా ఉంటే నాదే. ఒరెస్ట్ అన్న పెద్దవాడు, భార్య పోయిన మనిషి, మార్చి ముప్పై ఒకటిన రిటైరవుతున్నాడు. మీకు బోలెడు పనులుంటాయి. విచారణ లాంటి శ్రమ మాకోసం ఎందుకు తీసుకుంటారు, వదిలేద్దురూ.

విధేయురాలు,
మారివిక్

తా.క. ఆయనేం ఊరికే తినడం లేదండీ. వాళ్ళావిడ చలికోటు నాకిచ్చాడు. చేతులు కొంచెం పొడుగు, మడిచి వేసుకుంటున్నాను.

●

కేంద్ర కార్యాలయం
జనవరి 31

శ్రీమతి అగ్బయానీ గారికి,

విషయం: తదుపరి చర్యలు.

తమ లేఖలో మొదటి వాక్యంలోనే మాతో ఏకీభవించారు. సంతోషం. తప్పు తమదేనని బాధితులు భావించుట మామూలేనని మా కరదీపిక నాలుగో పేజీలో ఉన్నది, జతపరుస్తున్నాం.

శ్రీ మెల్నిక్‌ను సంజాయిషీ అడగగా, ఆయన ఇలా రాసి ఇచ్చారు: "తిన్నాను. చాలా బాగుంది. పిలిస్తే మళ్ళీ తింటాను." పశ్చాత్తాపం బొత్తిగా లేనందున సోమవారం నుంచి ఆయనను దక్షిణ యార్డుకు మార్చాం. విచారణ ముగిసేవరకు తమరిరువురూ మాట్లాడుకోరాదు, ఉత్తరాలు, ఫోన్లు, కబుర్లు చేరవేయుట కూడదు. అతిక్రమిస్తే ఆయన రిటైర్మెంటు కాగితాలు ఆగిపోవును.

ఇట్లు,
క్వాబెనా అసియెడు
(కమిటీ తరఫున)

తా.క. లంచంగా ఇచ్చిన చలికోటును సాక్ష్యం నిమిత్తం మాకు పంపగలరు.

●

ఉత్తర యార్డు
ఫిబ్రవరి 5

అసియెడు గారూ,

ఇది ఫిర్యాదు కాదు. మొదటి ఉత్తరమూ ఫిర్యాదు కాదు. మీ గడి ఖాళీగా ఉంచకూడదన్నారు కాబట్టి నవ్వులాటకి రాశాను. పెద్దవాళ్ళకి మొహం మీద "మీరు పొరబడ్డారు" అని చెప్పడం మాకు చేతకాదు, అందుకే రెండో ఉత్తరంలో అటు తిప్పి ఇటు తిప్పి రాశాను. ఇప్పుడు సూటిగా చెబుతున్నాను. మా అమ్మ వింటే చెంప పగలగొట్టేది.

మా అమ్మ లేదు లెండి. అక్టోబరులో పోయింది. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, సెలవు లేదన్నారు, వెళ్ళలేకపోయాను. ఆ రోజు నేను గిన్నె తేలేదు. స్టోరులో బోల్టులు లెక్కపెడుతూ కూర్చున్నాను. సంగతి ఎవరో చెప్పారట, పన్నెండింటికి ఒరెస్ట్ అన్న బీట్‌రూటు చారు, బంగాళదుంప కుడుములు పట్టుకుని వచ్చాడు. బల్లమీద పెట్టి, నా దగ్గర నేర్చుకున్న ముక్కతోనే "మంగన్ తయోన్" అన్నాడు. "ఇప్పుడే అయింది, మీరు కానివ్వండి" అన్నాను. "అయ్యిందా నీ మొహం, కూర్చో" అని చెంచా చేతిలో పెట్టాడు. ఏడుస్తూ తిన్నాను. నేను తినేదాకా ఆయన కదల్లేదు.

ఆ మనిషి ఇప్పుడు దక్షిణ యార్డులో కూర్చుని, నేను తన మీద ఫిర్యాదు చేశాననుకుంటున్నాడు. నాకు అన్నం దిగడం లేదు. ఇక్కడి మగాళ్ళయితే నేనెక్కడ పిలుస్తానోనని నా కిటికీ ముందు నుంచి వెళ్ళడం మానేసి, ఈ చలిలో యార్డు చుట్టూ తిరిగి వెళుతున్నారు.

ఆయన రిటైరై వెళ్ళిపోయేలోగా ఒక్కమాట తెలియాలి, అంతే. ఇందులో చిన్న చీటీ పెట్టాను. దయచేసి ఆయనకి ఇవ్వండి.

మారివిక్

తా.క. కోటు ఇవ్వను. బయట మైనస్ ముప్పై ఒకటి. సాక్ష్యం కావాలంటే కమిటీని ఇక్కడికొచ్చి చూసుకోమనండి, వచ్చేటప్పుడు కరదీపిక కప్పుకుని రమ్మనండి.

●

కేంద్ర కార్యాలయం
ఫిబ్రవరి 13

శ్రీమతి అగ్బయానీ గారికి,

విషయం: ఫిర్యాదు ఉపసంహరణ.

తమ ఉత్తరం మూడుసార్లు చదివాను. పొరపాటు మాదే కావచ్చునని తోచుచున్నది. కానీ ఉపసంహరణకు కమిటీ ఆమోదం తప్పనిసరి. కమిటీ ప్రతి నెలా రెండో గురువారం మాత్రమే సమావేశమగును. నిన్ననే సమావేశమైనది. తమ ఉత్తరం ఈరోజు చేరినది. తదుపరి సమావేశం మార్చి 12.

అందాక చీటీ అందజేయుటకు నియమాలు ఒప్పుకోవు. నా సొరుగులో భద్రంగా ఉన్నది.

ఇట్లు,
క్వాబెనా అసియెడు

తా.క. చీటీ అంటించి లేనందున కంటబడినది. "అన్నా, మంగన్ తయోన్." అంతేనా? చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. కాఫీ చల్లారిపోయినది.

●

ఉత్తర యార్డు
మార్చి 9

అసియెడు గారూ,

ఒరెస్ట్ అన్న పోయాడు. శనివారం పొద్దున వాళ్ళింటి ముందు మంచు తీస్తూ పడిపోయాడట. ముప్పై ఏళ్ళు ఊరందరి మంచూ బండితో తోసిన మనిషి, సొంత గుమ్మం దగ్గర పార పట్టుకుని పోయాడు. ఇవాళ పొద్దున యార్డులో నోటీసు అంటించారు.

మీకు కోపమొచ్చినా సరే, ఒక్కటి చెప్పండి. చీటీ ఇచ్చారా, లేదా? నాకింకేమీ వద్దు. ఇచ్చుంటే బుధవారం అంత్యక్రియలకి చర్చికి వెళతాను. ఇవ్వకపోతే ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? మా అన్న మీద ఫిర్యాదు చేసినదానివి నువ్వేనా అని వాళ్ళ చెల్లెలు అడిగితే ఏమని చెప్పను?

మారివిక్

తా.క. ఇవాళ కూడా రెండు చెంచాలు తెచ్చాను, పాత రెండోది ఎక్కడ పోయిందో కనబడక ఇంకోటి కొన్నాను. పొద్దున వండేటప్పటికి నాకు తెలియదు కదా.

●

మార్చి 13

చెల్లెమ్మా,

ఈసారి విషయం అని రాయడం లేదు. లేదు, ఇవ్వలేదు. మీ ఉత్తరం నాకు చేరింది బుధవారం పొద్దున. మీరు కబురు కోసం చూస్తుంటారని తెలిసీ ఫోను చెయ్యడానికి నోరు రాలేదు. చీటీ జేబులో పెట్టుకుని చర్చికి నేనే వెళ్ళాను.

ముందు ఒక నిజం చెప్పాలి. కమిటీ అంటూ ఏమీ లేదు. ఐదు కుర్చీలు మంజూరయ్యాయి, నాలుగింటిలో ఎవరినీ వెయ్యలేదు. మూడేళ్ళుగా నేనే సమావేశమై, నేనే చర్చించి, నేనే చలించిపోయి, నేనే సంతకం పెడుతున్నాను. రెండో గురువారం అన్న నియమం కూడా నేను రాసిందే. ఏ రోజైనా ఆ సంతకం పెట్టి ఉండవచ్చు. నియమం తప్పితే ఈ ఒక్క కుర్చీ కూడా పీకేస్తారేమోనని భయపడ్డాను. పంతొమ్మిదేళ్ళుగా అదే భయం. నన్ను క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది.

మా సొంతూరు కుమాసీలోనూ ఎదుటివాణ్ణి పిలవకుండా ముద్ద ఎత్తరమ్మా. ఈ ఆఫీసులో చేరిన కొత్తలో నేనూ పిలిచాను. అందరూ "కానివ్వు, కానివ్వు" అని నవ్వుతూ వెళ్ళిపోయారు. నెలరోజులు పిలిచి మానేశాను. అప్పటినుంచి తలుపేసుకునే తింటున్నాను. పిలిస్తే ఒక మనిషి వచ్చి నిజంగా కూర్చున్నాడని మీరు రాస్తే నాకు నమ్మకం కలగలేదు. దొంగతనమే అయ్యుంటుందనుకున్నాను.

ప్రార్థన అయ్యాక కింద హాల్లో భోజనాలు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. ఒరెస్ట్ గారి చెల్లెలు స్టెఫానియా వచ్చి, "నిలబడ్డావేం నాయనా, కూర్చో, తిను" అంది. ఇప్పుడే అయిందన్నాను. వినలేదు. క్యాబేజీ చుట్టలు వడ్డించింది. అప్పుడు నేనెవరో చెప్పి, మీరు ఫిర్యాదు చెయ్యలేదని చెప్పాను.

"ఆ సంగతి మా అన్నకి తెలుసయ్యా" అంది. "ఆఫీసు కాగితం వచ్చిన రోజు పడీ పడీ నవ్వాడు. ఫిర్యాదు చేసే మనిషి రోజూ రెండో చెంచా మోసుకొస్తుందా, ఆఫీసులో ఎవడో పనిలేనివాడు రాసుంటాడు అన్నాడు."

ఆ పనిలేనివాణ్ణి నేనేనమ్మా అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, ఇంకో క్యాబేజీ చుట్ట వేసింది.

తర్వాత ఆవిడే చెప్పింది. ఆయనకి కాకరకాయ అంటే పరమ అసహ్యమట. ఆ కూర తిన్న రోజల్లా ఇంటికొచ్చి గ్లాసుడు నీళ్ళు గటగటా తాగి, "ఇవాళా చేదేనే" అనేవాడట. మరెందుకు తింటున్నావన్నా అంటే, "పన్నెండుమంది మొహం తిప్పుకుని పోవడం నా కళ్ళతో చూశాను. మన అమ్మ ఈ దేశమొచ్చి బట్టల ఫ్యాక్టరీలో చేరినప్పుడు రెండేళ్ళు ఒక్కతే తిన్నది, మర్చిపోయావా" అన్నాడట.

చీటీ ఆవిడకిచ్చాను. అర్థం నాచేత చెప్పించుకుని, పైకి వెళ్ళి శవపేటికలో ఆయన కోటు జేబులో పెట్టి వచ్చింది. వచ్చేటప్పుడు ఒకటి నా చేతికిచ్చి మీకు చేర్చమంది. ఈ కవరులో పెడుతున్నాను. మీ రెండో చెంచాయే. యార్డు మారిన రోజున జేబులో వేసుకుని వెళ్ళాడట. రిటైరయిన మర్నాడే తిరిగిచ్చే వంకతో మీ స్టోరుకి భోజనానికి వద్దామనుకున్నాడట.

మిమ్మల్ని తీసుకురమ్మని స్టెఫానియా గారు మరీమరీ చెప్పారు. చర్చికి రానందుకు మీమీద కోపం లేదు, బెంగ ఉంది.

సోమవారం పన్నెండింటికి నేను మీ స్టోరు ముందు నుంచి నడిచి వెళతాను. మీరు పిలవకపోతే తప్పు పట్టను. పిలిస్తే మాత్రం మర్యాద తప్పి కూర్చుంటాను.

మీ
క్వాబెనా

తా.క. ఆ చెంచా మాత్రం గిన్నెలో మర్చిపోకుండా పెట్టుకు రండి. కూర ఏం చెయ్యాలా అని ఆలోచించకండి. కాకరకాయంటే నాకు ప్రాణం.