టేకేనండీ అన్నాను

బందరు. 1958 మే, గురువారం రాత్రి.

మధ్యాహ్నం మా అద్దకం బట్టల కొట్టు అంటుకుంది. ఫైరింజను వచ్చింది. లోపలికి మనుషుల్ని పంపబోతూ ఆఫీసరుగారు అడిగారు: "పైన దూలాలు టేకా, తాటా? తాటైతే చెప్పాపెట్టకుండా కూలుద్దండీ. మావాళ్లను పంపను."

పక్కనే వియ్యంకుడు నిలబడి ఉన్నాడు. కొట్టు కట్టినప్పుడు తాటి దూలాలకు వార్నిష్ వేయించి, బర్మా టేకని ఆయనకు తల ఎత్తించి మరీ చూపించింది నేనే.

"టేకేనండీ," అన్నాను. నోరెలా వచ్చిందో!

సుభానీ అనే ఫైర్‌మన్ పైపు పట్టుకుని లోపలికి వెళ్లాడు. కాసేపటికే కప్పు కూలింది. బయటికి లాగేసరికి కాలు నుజ్జయిపోయి ఉంది. ఉంచుతారో తీసేస్తారో డాక్టరు రేపు చెప్తాడట.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్లాను. నిజం చెప్పేద్దామనే వెళ్లాను, ఒట్టు. నన్ను చూసి అతను లేవబోయాడు.

"మీ సరుకు కాపాడలేకపోయామండీ. టేకు దూలం అంత తొందరగా ఎట్లా కూలిందో అర్థం కావట్లేదు."

నా వెనకే వియ్యంకుడు, చేతిలో బత్తాయిల సంచితో.

"పాత టేకు కదయ్యా," అన్నాను.