గిది నా రాయి

మాదాపూర్

ప్రియమైన బాపూ,

ఫోన్‌లో చెబితే అర్థం కాలేదన్నావు కదా, అందుకే రాస్తున్నాను. మేం తయారుచేసే వీడియో గేమ్‌లో ఒక అమ్మాయి చేతిలో కుంచె ఉంటుంది. దారికి అడ్డమున్న రాయికి పసుపు పూస్తే పక్కకు జరుగుతుంది, నీలం పూస్తే నీళ్లలో తేలుతుంది. ఏ రాయికి ఏ రంగన్నదే చిక్కు. మూడో లెవెల్‌లో ఒక ముసలాయన రాయి మీద కూర్చుని లేవడు. "గిది నా రాయి" అంటాడు. పసుపు పూస్తే ధోతి ఎత్తిపట్టుకుని ఉరుకుతాడు. గుర్తుపట్టావా? మన పక్క చేను సిద్దయ్య తాతే. గొంతు నేనే ఇచ్చాను. ఆఫీసంతా పడీపడీ నవ్వారు. నువ్వూ ఆడి చూడు.

నీ పూజిత

ఇబ్రహీంపట్నం

ప్రియమైన పూజితకు,

మూడో లెవెల్ దాటాను. నవ్వలేక చచ్చాను. డ్రాయింగ్ మాస్టారి బిడ్డవనిపించావు. డిపో ముందు హోటల్‌లో అందరికీ చూపించాను. ఇప్పుడు ఎవరి ఫోన్‌లో చూసినా అదే ఆట.

సిద్దయ్య మామ హద్దు గొడవ ఇంకా తెగలేదు. పక్కన ప్లాట్లు వేసి అమ్మే వెంచర్ వాళ్లు ఆయన హద్దురాయికి కూడా తమ పసుపు రంగు పూసి పోయారు. నిన్న పంచాయితీలో ఆయన లేచి "గిది నా రాయి" అనగానే వెనక ఎవరో నవ్వారు. పెద్దమనుషులూ నవ్వారు. నేనూ నవ్వాను బిడ్డా.

మీ బాపు

మాదాపూర్

బాపూ,

సిగ్గుతో తల ఎత్తలేకపోతున్నాను. ఆ పసుపు కూడా వెంచర్ రాళ్లను చూసే పెట్టాను. బస్సులోంచి అందంగా కనిపించింది, అంతే.

ఆట మార్చాను. ఇప్పుడు తాత రాయికి ఏ రంగూ అంటదు. ఆయన లేవడు. ఆడేవాళ్లే వేరే దారి వెతుక్కోవాలి. ఆయనకు చూపించు. ఆదివారం వచ్చి కాళ్లు పట్టుకుంటాను.

పూజిత

ఇబ్రహీంపట్నం

ప్రియమైన పూజితకు,

ఫోన్ పట్టుకుని సిద్దయ్య మామ దగ్గరికి పోయాను. హద్దు దగ్గర గుంత ఉంది, రాయి లేదు. తనే తవ్వి తీశాడట. హద్దు వదులుకుంటున్నట్టు వెంచర్ వాళ్లకు సంతకం కూడా పెట్టేశాడు.

"ఊరంత నవ్వినంక ఎట్ల కొట్లాడాలె, బాలరాజ్?" అన్నాడు.

నీ కొత్త ఆట చూపించాను. అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. తన బొమ్మ ఎంతకీ లేవకపోతే "మంచిగున్నది" అన్నాడు. తర్వాత ఫోన్ నా చేతిలో పెట్టి అడిగాడు.

"మరి నీ బిడ్డకు దారి దొరికిందా?"

ఆదివారం నువ్వే వచ్చి చెప్పు.

మీ బాపు