ఇరుసు మీద తేదీ

చిలకలగూడ, 24-10-1948

మనవడు నరహరికి, నాయనమ్మ.

కాఫీ గింజలు వేయించే మిషను నిన్న బిగుసుకుపోయింది. బాగుచేసే దస్తగిరి రజాకారన్న నేరం మీద జైల్లో ఉన్నాడు కనుక నేనే విప్పాను. మాడిన పొట్టు గీకుతుంటే, ఇరుసు మీద అతను అలవాటుగా ఉలితో చెక్కే తేదీ కనిపించింది: 19-8-48. అల్వాల్‌లో ఇల్లు తగలబెట్టాడంటున్న రోజే అది. ఆ రోజంతా అతను మన వసారాలో ఇరుసు వేశాడు. ఇంట్లో ఉండి పిడి తిప్పి చూసింది నువ్వొక్కడివే.

అతని భార్య అక్బర్ బీకి చూపించాను. "ఇనుము మాట ఎవలు ఇంటరమ్మా? జెర చిన్నసారును రమ్మనున్రి" అంది. సాక్ష్యం చెప్పాల్సి వస్తుందని నువ్వు భయపడి బెజవాడ పారిపోయావని చెప్పలేక, జ్వరమన్నాను.

ఇక జరగవలసినవి:
1. బుధవారం బండికి బయలుదేరు.
2. కచేరీలో చూసింది చెప్పి సంతకం పెట్టు.
3. మిషను దస్తగిరే వచ్చి బిగిస్తాడు. అంతదాకా ఇంట్లో కాఫీ లేదు, నీకు నా దీవెనా లేదు.