గింజలు అమ్మలేదు, నూనె ఆడిస్తున్నాను

అత్తయ్యగారికి నమస్కారాలు. నేను క్షేమం. మూడు రోజులైనా రాలేదని కంగారుపడవద్దు.

పొద్దుతిరుగుడు గింజల ధర పడిపోయింది. విదేశాల నుంచి పామాయిల్ ఓడల నిండా చవగ్గా దిగుతోందట, పెద్ద మిల్లులన్నీ దాని వెంటే పడ్డాయి. మార్కెట్‌లో దళారి మన బస్తాలో చెయ్యి పెట్టి, "ఇచ్చింది పుచ్చుకుని వెళ్లమ్మా, రేపటికి ఇదీ ఉండదు" అన్నాడు. పోయిన ఏడాది ఇదే మనిషి మన గుమ్మంలోకి వచ్చి బతిమాలాడు. ఒళ్లు మండి బస్తాలు మళ్లీ బండికెత్తించాను.

మార్కెట్ వీధి చివర చిన్న నూనె మిల్లుంది. అక్కడి ముసలాయన ఒక బస్తా ఆడించి, "ఇంత మంచి గింజ పెట్టుకుని ఆ దళారి కాళ్లు పట్టుకుంటావా?" అన్నాడు. ఆ నూనె తీసుకుని ఆసుపత్రి క్యాంటీనుకు వెళ్లాను. వంటామె మూకుడులో పోసి వేడిచేసి, వాసన చూసింది. "రోగులకు వండేది కదమ్మా, పామాయిల్ వద్దు. నెలకు నాలుగు డబ్బాలు ఇవ్వగలవా?" అంది. ఇస్తానని మాటిచ్చాను. దళారి చెప్పిన ధరకంటే ఇదే గిట్టుబాటు.

అటక మీది డబ్బాలు వేడినీళ్లతో కడిగి, బాగా ఎండబెట్టి బస్సు డ్రైవరన్నకిచ్చి పంపండి. ఇంట్లో మిగిలిన బస్తాలు గోడకు ఆనించకండి, చెమ్మ పడుతుంది. గేదెకు నూనె తీయగా మిగిలిన చెక్క నేనే తెస్తాను, కొనవద్దు. చంటిదాని దగ్గు తగ్గిందా?

మీ అబ్బాయి అమ్మేసి రమ్మనే పంపారు. కోప్పడితే పడనివ్వండి, వచ్చి నేనే చెప్పుకుంటాను. మీరు మాత్రం నా పక్కన నిలబడండి.

మీ కోడలు