వచ్చే మంగళవారం సబ్బునీళ్లు

అమ్మలూ, సంచి దించగానే పక్కింటి అత్తయ్యగారి ఫోన్ నుంచి నాకు ఫోన్ చెయ్యి. మేడ మీద నీ టమాటాలు ఒక్కటి కూడా ముట్టుకోకు. పొద్దున చెల్లి నాలుగు కోసుకుని తినేసింది. పదకొండింటి నుంచి వాంతులు ఆగడం లేదు, ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. బడికి ఫోన్ చేస్తే మిమ్మల్ని మ్యూజియానికి తీసుకెళ్లారన్నారు.

"మొక్కలకి ఏం కొట్టారమ్మా, ఎప్పుడు కొట్టారు?" అని డాక్టరుగారు ఫోన్లో అడిగారు. బడి తోట క్లబ్బుకి నువ్వు రాసే పుస్తకం తీశాను. ప్రతి మంగళవారం సబ్బునీళ్లు కొట్టినట్టు ముత్యాల్లాంటి అక్షరాలతో రాశావు. ఇంకా రాని మంగళవారానికి కూడా రాసేశావు. అది చూశాక మిగతా మంగళవారాలూ నమ్మలేకపోతున్నాను. మెట్ల కింద నాన్న పురుగుమందు సీసా సగమే ఉంది. దాన్ని వెంట తీసుకెళ్తున్నాను. అది కొట్టావా? ఏ రోజు కొట్టావు? ఆ రెండే నాకు కావాలి.

నిన్ను తిట్టను. క్లబ్బులో మీకందరికీ పుస్తకం రాయడం నేర్పింది నేనే. గళ్లు ఖాళీగా వదిలితే మార్కులు పోతాయని బెదిరించాను గానీ, చెయ్యని పని రాయకూడదని ఒక్కనాడూ చెప్పలేదు.

టాక్సీ వచ్చింది. తాళం అత్తయ్యగారి దగ్గర ఉంచు.

చెల్లి ఇప్పుడే చెప్పింది, తిన్నది నాలుగు కాదట, ఆరట. "అక్క అన్నీ లెక్కపెట్టి పుస్తకంలో రాసుకుంటుంది, దొరికిపోతాను" అని భయపడి దాచిందట.