నాకు బైపాసే కుదిరింది అక్కా

అక్కా, ఆపరేషన్ అనగానే ఏడ్చి ఫోన్ పెట్టేశావు కాబట్టి ఈ కార్డు. నేను హుషారుగా ఉన్నాను.

బరువు తగ్గడానికి డాక్టరుగారు రెండు రకాలు చెప్పారు. పొట్ట సంచిని కోసి సన్నగా చేస్తే స్లీవ్, చిన్న సంచి చేసి పేగు దారి మళ్లిస్తే బైపాస్. స్లీవ్ అనగానే మన కుట్టుపనిలో మాటే కదా అని అటే మొగ్గాను. ఈలోగా ఆపరేషన్ అయినవాళ్లు శనివారాలు కలుసుకునే గదికి వెళ్లాను. అక్కడన్నీ చేతుల్లేని వెడల్పాటి కుర్చీలు. ఇరుక్కుంటానన్న భయం లేకుండా కూర్చుని ఎన్నాళ్లయిందో.

నా గుండెమంట సంగతి విని ఒక బస్సు కండక్టరమ్మ, "స్లీవ్ తర్వాత నాకా మంట ఎక్కువైంది చెల్లెమ్మా, డాక్టర్ని అడుగు" అంది. అడిగితే నాకు బైపాసే మేలన్నారు. మనసు కుదుటపడింది.

నేను టైలర్నని తెలిసి అందరూ వదులైన బట్టలు తెచ్చి కుప్ప పోశారు. "ఆపరేషనయ్యాక త్వరగా కోలుకోమ్మా, మా ప్యాంట్లు నిలవట్లేదు" అన్నారొక లెక్కల మాస్టారు. కడుపుబ్బ నవ్వాను.

వచ్చే నెలలోనే ఆపరేషన్. కొన్నాళ్లు ఉండేలా రా. బావగారి మోకాలు ఎలా ఉంది? పాప గౌను కొలతలు తీసుకురా. ఆపరేషన్ పూట థియేటర్ బయట నీ పక్కన కూర్చోవడానికి కండక్టరమ్మ అప్పుడే సెలవు పెట్టేసింది. బావగారికి నమస్కారాలు, పాపకు ముద్దులు.

నీ చెల్లి